అభ్యంతరం ఎవరికైనా ఉంటే

సెమినరీ,
జూన్ 9

అక్కా,

వానలు మొదలయ్యాయి. మా పడకల హాలు కప్పు ఎప్పటిలాగే సరిగ్గా నా మంచం మీదే కారుతోంది. జరిపితే పక్కవాడి మీద కారుతుంది కాబట్టి త్యాగం చేస్తున్నానని అందరికీ చెప్పుకుంటున్నాను. నిజానికి జరపడానికి బద్ధకం.

ఫోన్ చెయ్యడం లేదని కోప్పడకు. మాకు ఉన్న ఒక్క ఫోను మా సెమినరీ పెద్ద, రెక్టర్ గారి గది బయట ఉంటుంది. నా వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు అమ్మ మోకాళ్ళ నొప్పి దగ్గర్నుంచి బావ బస్సు బ్రేకుల దాకా అన్నీ వినేసి, భోజనాల దగ్గర నాకే సలహాలు చెబుతారు. ఉత్తరమే నయం.

అసలు కబురు చెప్పేస్తున్నాను, ఆగలేను. డిసెంబరులో నాకు డీకన్ పట్టం ఇవ్వడానికి మండలి ఒప్పుకునేలా ఉంది. ఆ తర్వాత పూజ చేసే గురువు కావడానికి ఒక్క మెట్టే. అమ్మకి నువ్వే నెమ్మదిగా చెప్పు, ఒక్కసారిగా చెబితే వీధంతా వినబడేలా ఏడుస్తుంది.

దీంతో పాటు మా పత్రిక పంపుతున్నాను. అందులో నా వ్యాసం ఉంది. ఈ మధ్య గుడిలో మోకరించినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. రోడ్డు ఊడ్చినవాళ్ళు, ఆసుపత్రి దుప్పట్లు ఉతికినవాళ్ళు మనకి ఎందుకు కనబడరు? అంతా శుభ్రంగా ఉన్నంతకాలం ఎవరు చేశారని అడిగేవాడే లేడు. పూజలో తెల్లటి గుడ్డ పరిచిన బల్ల ముందు నిలబడి, ఆ గుడ్డ ఉతికిన చేతుల్ని మరిచిపోతే మన ప్రార్థన సగమే. అదే రాశాను. నీ చేతుల గురించి కూడా రాశాను. నీ పేరు పెట్టలేదులే.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
జూన్ 21

ఒరేయ్ తమ్ముడూ,

అమ్మకి నెమ్మదిగానే చెప్పాను. అయినా వీధంతా వినబడింది.

నీ వ్యాసం బావకి చదివి వినిపించాను. సగంలో నిద్రపోయాడు. అది నీ తప్పు కాదు, ఈ వారం పొద్దున్న మొదటి బస్సు తనదే. 'కష్టంతో పునీతమైన గరుకు చేతులు' అని రాశావు. నా చేతులు గరుగ్గా ఉండేది బట్టల సోడా వల్లరా. పునీతం సంగతి నాకు తెలియదు గానీ, చలికాలంలో పగిలి మండుతాయి. అయినా ఎవరో ఒకరు రాశారు, అదీ మా వాడే రాశాడు, అని లాండ్రీలో అందరికీ చూపించాను. గర్వపడ్డాను. ఒప్పుకుంటున్నాను, ఎక్కువ పొంగిపోకు.

ఇంత రాశావు గనక ఇంకొంచెం తెలుసుకో. వార్డుల నుంచి మాసిన బట్టలు మూటలుగా వస్తాయి. మేం బల్ల మీద విప్పి, దుప్పట్లు ఒక పక్కకి, రోగుల గౌన్లు ఒక పక్కకి, రక్తం అంటినవి వేరే తొట్టిలోకి వేస్తాం. మూటల్లో చెంచాలు వస్తాయి, కళ్ళజోళ్ళు వస్తాయి, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు వచ్చింది. అప్పుడు నవ్వుకుంటాం. సూదులు వచ్చినప్పుడు నవ్వం.

మా బల్ల దగ్గర ఒకావిడ ఉంది, రేడియో అంటాం. నోరు మూతపడదు. పోయిన వారం దుప్పటి దులుపుతుంటే వాడిపారేసిన ఇంజెక్షన్ సూది ఆవిడ అరచేతిలో దిగింది. అది ఏ రోగికి గుచ్చిందో, ఆ రోగికి ఏం జబ్బో చెప్పేవాళ్ళు లేరు. రక్తం తీసి చూశారు, మళ్ళీ కొన్ని నెలలకి చూస్తారట, అప్పటిదాకా ఏమీ తేలదట. ఇంట్లో పిల్లల్ని ముద్దు పెట్టుకోవడం మానేసింది. అలా అంటదని డాక్టరమ్మ చెప్పినా వినదు. మా రేడియో ఆగిపోయిందిరా.

మందపాటి గ్లౌజులు ఇప్పించమని, వార్డుల్లో సూదులు వేరే డబ్బాలో వేయించమని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాం. మొన్న మళ్ళీ అడిగాం. సూపర్‌వైజరమ్మ ఏమందో తెలుసా? "ఇది సేవ, వ్యాపారం కాదు. కష్టంగా ఉన్నవాళ్ళు మానెయ్యొచ్చు" అంది.

మా ఆసుపత్రి డైరెక్టర్ ఫాదర్ నెలకోసారి మీకు పాఠం చెప్పడానికి వస్తారని అప్పుడెప్పుడో రాశావు కదా. ఒక్క మాట అడుగు. వ్యాసంలో రాసినంత అందంగా అక్కర్లేదు. గ్లౌజులు, డబ్బాలు. అంతే.

అక్క


సెమినరీ,
జూలై 6

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా తిరిగాను. రేడియో గారి కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

నీకు ఒక చిక్కు చెప్పాలి. డైరెక్టర్ ఫాదర్ మా మండలిలో కూడా ఉన్నారు. నాకు పట్టం ఇవ్వొచ్చా లేదా అని రాసేవాళ్ళలో ఆయన ఒకరు. చెడ్డవారైతే నా పని తేలిక, ఎదురు తిరిగి మాట్లాడేవాణ్ణి. కానీ ఆయన మంచివారు. డబ్బు లేదని ఏ రోగినీ గేటు దగ్గర ఆపరు. ఆయన గదిలో ఫ్యాను కూడా వార్డుకి ఇచ్చేశారట. అలాంటి మనిషికి ఎదురుగా నిలబడి మీ దగ్గర అన్యాయం జరుగుతోందని అనడానికి నాకు నోరు రాలేదు.

అయినా అడిగాను! మొన్న క్లాసు అయ్యాక ఆయన సంచి మోసుకుంటూ కారు దాకా వెళ్ళి మాట్లాడాను. వెంటనే ఒప్పుకున్నారు, భుజం తట్టారు కూడా. నువ్వు ఇక భయపడక్కర్లేదు. ఏం జరుగుతుందో నీకే తెలుస్తుంది, మంచి కబురు ముందే చెప్పి పాడుచెయ్యను.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
జూలై 18

నా బంగారు తమ్ముడికి,

ఇంత తొందరగా అడుగుతావని అనుకోలేదు, నిజం. నీ ఉత్తరం రాగానే లాండ్రీకి పరుగెత్తి "మా తమ్ముడు మాట్లాడాడు, డైరెక్టర్ ఫాదర్ ఒప్పుకున్నారు" అని చాటేశాను. రేడియో నా బుగ్గలు పుణికింది. గ్లౌజులు ఏ రంగువి వస్తాయని కూడా వాదులాట అయింది. ఆసుపత్రి కాబట్టి ఆకుపచ్చవే అని నేను పందెం కాశాను. అమ్మ నీ పట్టానికి కట్టుకోవడానికి చీర తీసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ లోపల పెట్టింది. డిసెంబరు లోపల ఇంకెన్నిసార్లు తీస్తుందో.

ఇక్కడిదాకా శనివారం రాశాను. ఈ రోజు సోమవారం.

పొద్దున్న సూపర్‌వైజరమ్మ నన్ను పిలిచి, "ఇవాళ్టి నుంచి నువ్వు మడతల గదిలో. డైరెక్టర్ ఫాదర్ చెప్పారు" అంది. మడతల గది అంటే ఉతికి ఆరినవి మడత పెట్టే చోటు. శుభ్రం, వెలుతురు, కిటికీ. సూదులు రావు. గ్లౌజులు ఏవమ్మా అని అడిగితే, "ఏ గ్లౌజులు?" అంది.

నువ్వు ఏం అడిగావురా ఆయన్ని?

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బల్ల దగ్గరికి వెళితే అందరూ జరిగి చోటిచ్చారు. క్యారేజీల్లోంచి తలలు ఎత్తలేదు. నా చోటులోకి కొత్తగా వచ్చిన పిల్లని పెట్టారు. దానికి మూట ఎటు నుంచి విప్పాలో కూడా తెలియదు.

అక్క


సెమినరీ,
ఆగస్టు 2

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆశ్చర్యపోయాను. సంతోషిస్తావనుకున్నాను. "మా అక్క ఆ బల్ల దగ్గర పనిచేస్తోంది, ఆమెకి ఏమైనా అయితే మా ఇల్లు నిలబడదు" అని చెప్పాను. అది నిజం కాదా? అమ్మని చూసేది నువ్వు. నన్ను చదివించింది నువ్వు. నీకు సూది గుచ్చుకుంటే నేను ఏ ముఖం పెట్టుకుని పూజ చెయ్యను?

మిగతావాళ్ళ సంగతి మరిచిపోలేదు. దేనికైనా సమయం ఉంటుంది. ఇప్పుడు నేను వట్టి విద్యార్థిని, నా మాటకి బరువెంత? పట్టం అయ్యాక మాట్లాడితే వింటారు. అప్పుడు అందరి కోసం అడుగుతాను, మాట ఇస్తున్నాను.

ఒకవేళ మడతల గదిలో పొద్దస్తమానం నిలబడాల్సి వస్తోందా, అందుకా నీ కోపం? చెప్పు, కుర్చీ వేయించమని అడుగుతాను.

ఈ నెలలోనే మన గుడిలో నా పట్టం గురించి ప్రకటన చదువుతారు. వెళ్ళి విను, అమ్మని ముందు వరుసలో కూర్చోబెట్టు.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
ఆగస్టు 17

తమ్ముడికి,

కుర్చీ వద్దు.

నిన్న ఆదివారం నీ ప్రకటన చదివారు. అమ్మ ముందు వరుసలోనే కూర్చుంది, ఆ చీరే కట్టుకుంది. నీ పేరు, నాన్న పేరు చదివి, మన గుడి చూసే విచారణ గురువు ఇలా అన్నారు: "ఈ యువకుడికి పట్టం ఇవ్వడానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయాలి." అని కాసేపు ఆగారు.

అడిగారు కదా. నేను లేచాను.

"నాకుంది ఫాదర్" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "ఈ అబ్బాయికి సొంత అక్క ఒక్కతే కనబడుతుంది. ఆ పక్కనే నిలబడ్డవాళ్ళు కనబడరు. వాళ్ళ కోసం నోరు తెరవడానికి పట్టం అయ్యేదాకా ఆగమంటున్నాడు. ఇది అయ్యాక ఇంకో మెట్టు ఉంటుంది, దాని కోసం ఆగుతాడు. అలా ఆగి ఆగి ఆఖరికి డైరెక్టర్ అవుతాడు" అన్నాను.

పూజ మధ్యలో అలా లేచి చెప్పేది కాదట, తర్వాత ఆయన గదికి వెళ్ళి చెప్పాలట. నాకేం తెలుసు? పాటలవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక పాట ఎత్తుకున్నారు. అమ్మ నా వైపు చూడకుండా ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

నాకు నీ మీద కోపం తగ్గలేదు.

అక్క


ఇంటి నుంచి,
ఆగస్టు 20

తమ్ముడూ,

ఈ ఉత్తరం ముందుదాని వెనకాలే వస్తుంది. వీలైతే దీన్నే ముందు చదువు.

విచారణ గురువు ఇంటికి వచ్చారు. నేనన్న మాటల్ని ఆయన బిషప్ గారికి తెలియజేసి తీరాలట, తేలేదాకా నీ పట్టం ఆగిపోతుందట. నిన్ను తిట్టాలనుకున్నాను గానీ నీ దారికి అడ్డంపడాలని అనుకోలేదురా, ఒట్టు. అదేదో ఊరికే అడిగే మాట అనుకున్నాను. నువ్వు చిన్నప్పుడు దుప్పటి భుజాన కప్పుకుని, మా బొమ్మలన్నిటికీ పూజ చేసేవాడివి. నేను గంట కొట్టేదాన్ని. అది గుర్తొచ్చి అన్నం సయించడం లేదు.

అమ్మ నాతో మాట్లాడడం లేదు. నాకు చెప్పాల్సినవన్నీ వంటింట్లో గోడకి చెబుతోంది. బావ "మాట జారావు, వెళ్ళి తీసేసుకో" అంటున్నాడు. రేపే వెళ్ళి, కోపంలో అన్నానని, అభ్యంతరం ఏమీ లేదని చెప్పేస్తాను. మడతల గదిలోనే ఉంటాను, నోరు మూసుకుని.

అక్క


సెమినరీ,
ఆగస్టు 25

అక్కా,

వెనక్కి తీసుకోకు. తీసేసుకుని ఉంటే, మళ్ళీ వెళ్ళి అభ్యంతరం ఉందని చెప్పు.

రెక్టర్ గారు పిలిచి విషయం చెప్పినప్పుడు నాకు నీ మీద పిచ్చికోపం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇన్నేళ్ళ చదువు ఒక్క ఆదివారం పూట గంగపాలు చేసిందని అనుకున్నాను. గుడిలోకి వెళ్ళి దేవుడి ముందు నీ మీద ఫిర్యాదు మొదలుపెట్టాను. నువ్వు చేసినవి ఒక్కొక్కటీ చెబుతూ, నేను చేసిన పని దగ్గరికి వచ్చేసరికి మాట ముందుకు సాగలేదు. కారు దగ్గర ఆయనతో మాట్లాడింది మొత్తం గుర్తు చేసుకున్నాను. 'మా అక్క' అన్నాను. 'వాళ్ళు' అనే మాటే నా నోట్లోంచి రాలేదు. వ్యాసంలో మాత్రం ఎన్నిసార్లు రాశానో.

అందులో కనబడనివాళ్ళని చూడడమే విశ్వాసం అని రాశాను. నువ్వు వాళ్ళని నాకు చూపించావు కూడా. చూసి, అందులోంచి నా మనిషిని ఒక్కదాన్ని పక్కకి లాగేసుకున్నాను. ఆ ఖాళీలో ఏమీ తెలియని పిల్ల నిలబడింది. సమయం చూసి మాట్లాడతాను అన్నది తెలివి అనుకున్నాను. అది భయం. మంచి చదువు చదువుకున్న భయం.

బిషప్ గారి దగ్గరికి వెళ్ళాను. "మీ అక్క చెప్పింది నిజమేనా?" అని ఒక్కటే అడిగారు. "నిజమే" అన్నాను. డిసెంబరు మాట మరిచిపొమ్మన్నారు. తర్వాత మాట తర్వాత చూద్దాం, ఈ లోపల నిన్ను ఎక్కడికి పంపమంటావని అడిగారు. ఆసుపత్రి లాండ్రీకి పంపమన్నాను. దైవశాస్త్రం గురించి ఏదైనా చెబుతానని ఎదురుచూశారో ఏమో, ఆయన నవ్వారు. ఒప్పుకున్నారు.

పట్టం ఎప్పుడో నాకు తెలియదు. వస్తుందో రాదో కూడా తెలియదు. రాకపోతే ఏడుస్తాను. కానీ ఈ పని పూర్తిచెయ్యకుండా మాత్రం గుడిలో ఆ తెల్లగుడ్డ బల్ల ముందు నిలబడను.

అమ్మకి చెప్పు, తప్పు నాదని. గోడకైనా చెప్పు, వింటుంది.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
సెప్టెంబరు 3

తమ్ముడూ,

నేను వెళ్ళేసరికి విచారణ గురువు ఊళ్ళో లేరు. కాబట్టి అభ్యంతరం అలాగే ఉంది.

రా. కానీ కొన్ని మాటలు విను. వచ్చి వట్టి చేతులతో మూటలు విప్పి వీరుడిలా సూది గుచ్చుకోకు. అప్పుడు నీ గురించే మాట్లాడుకుంటారు, గ్లౌజుల గురించి కాదు. రెండోది, నీ తెల్ల అంగీ వేసుకునే రా. మామూలు చొక్కాలో వస్తే వినయంగా ఉంటుందని అనుకుంటావేమో. మాకు నీ వినయంతో పనిలేదు, ఆ అంగీ కావాలి. అది కనబడితే సూపర్‌వైజరమ్మ గొంతు తగ్గుతుంది.

బల్ల దగ్గర ఏం చెయ్యాలో మా వాళ్ళు చెబుతారు. నువ్వు చెప్పకు.

అక్క


సెమినరీ,
నవంబరు 15

అక్కా,

లాండ్రీ నుంచి తిరిగొచ్చాక రాస్తున్న మొదటి ఉత్తరం. మంచం మీద కప్పు ఇప్పుడు కారడం లేదు. బాగుచెయ్యలేదు, వానలు పోయాయి.

ఆ మొదటి రోజు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. నేను బల్ల దగ్గర నిలబడ్డానో లేదో, సూపర్‌వైజరమ్మ పరుగున వచ్చి నా చేతిలో కొత్త గ్లౌజులు పెట్టింది. ఒక్క జత. "డైరెక్టర్ ఫాదర్ మీ కోసం పంపారు బ్రదర్" అంది. కారు దగ్గర నేను చేసిన పనే ఆయన నాకు చేశారు. ఎంత ప్రేమగా చేశారో! నేను నీకు చేసినప్పుడు కూడా ప్రేమే. వాటిని బల్ల మధ్యలో పెట్టాను. ఏం చెయ్యాలో తోచక మీ వాళ్ళ వైపు చూశాను. అప్పుడు రేడియో గారు, ఎన్నాళ్ళుగానో మాట్లాడని మనిషి, చేతులు కట్టుకుని "అందరికీ వచ్చేదాకా మూట విప్పం" అంది. నువ్వు మడతల గది నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డావు.

మూటలు వరండాలోకి పెరిగి, ఆ వాసన ఆఫీసు దాకా వెళ్ళాక గానీ ఆయన రాలేదు. వచ్చి, ఆ ఒక్క జతని చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూశారు. "నేను ఈ గదిలోకి ఇంతవరకు రాలేదు" అన్నారు. అంతే. ఆ జతని మళ్ళీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

గ్లౌజులు వచ్చాయి. వార్డుల్లో డబ్బాలు వచ్చాయి. నీకు సంతోషంగా ఉందని తెలుసు. నాకు మాత్రం ఒక ముల్లు మిగిలింది. మీరు ఏళ్ళ తరబడి అడిగితే రానివి, నా అంగీ అక్కడ నిలబడితే వచ్చాయి. ఇది గెలుపో సిగ్గో తెలియడం లేదు. ఒకటి మాత్రం నిర్ణయించుకున్నాను. నాకు పట్టం ఇచ్చినా ఇవ్వకపోయినా, ఈ అంగీ ఒంటిమీద ఉన్నంతకాలం దీన్ని తీసుకెళ్ళి అవసరమైన చోట నిలబెడతాను. పిలిచేవాళ్ళు పిలవాలి. నువ్వు మొదట.

వచ్చే వారం మండలి కూర్చుంటుంది. డైరెక్టర్ ఫాదర్ కూడా అందులో ఉంటారు. ఏం రాస్తారో తెలియదు. అడగను.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
డిసెంబరు 14

ఒరేయ్ తమ్ముడూ,

మండలి ఒప్పుకుందని, కొత్త సంవత్సరంలో నీకు పట్టమని నీకంటే ముందు మాకే తెలిసింది. నీ గురించి అందరికంటే పెద్ద సిఫార్సు రాసింది డైరెక్టర్ ఫాదరేనట. విచారణ గురువు చెప్పారు.

గెలుపో సిగ్గో అని అడిగావు. రెండూనురా. అవి రెండూ ఒకే పూట వస్తే మేం ఏం చేస్తామనుకున్నావు? గ్లౌజులు తొడుక్కుని పని మొదలుపెడతాం. అన్నట్టు అవి నీలం రంగువి. పందెం ఓడిపోయాను. నేను మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేశాను. ఆ కొత్తపిల్లని కిటికీ ఉన్న గదికి పంపాం, దానికి మడతలు బాగా వస్తాయి.

రేడియోకి రెండో పరీక్ష అయింది. ఏమీ లేదట. ఆ రోజు ఇంటికి వెళ్ళి పిల్లల్ని ఎంత ముద్దాడిందంటే, చిన్నది తప్పించుకుని మంచం కిందికి దూరిందట. ఇప్పుడు మా చెవులకి మళ్ళీ విశ్రాంతి లేదు.

నిన్న నీ ప్రకటన మళ్ళీ చదివారు. మా బల్ల వాళ్ళందరూ వచ్చారు. ఎప్పుడూ గుడి గడప తొక్కనివాళ్ళు కూడా వచ్చి, నీ ప్రకటన కోసమే అని చెప్పి వెనక వరుసలో కూర్చున్నారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే" అని విచారణ గురువు అన్నారో లేదో, గుడి మొత్తం వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. పాటలవాళ్ళు పుస్తకాలు ముందే తెరిచి పట్టుకున్నారు.

రేడియో లేచింది. విచారణ గురువు ముఖం చూడాలి నువ్వు! "అభ్యంతరం ఏం లేదు ఫాదర్. కాకపోతే ఆ అబ్బాయికి దుప్పటి మడత పెట్టడం రాదు. అది కూడా బిషప్ గారికి చెప్పండి" అంది. గుడిలో అంతమంది నవ్వగా నేను వినలేదు. నవ్వు ఆగాక ఆయన మళ్ళీ అడిగారు, "ఇంకెవరికైనా?" అని.

అమ్మ నా పక్కన కూర్చుంది. ఆగస్టు నుంచి నాతో మాట్లాడలేదని నీకు తెలుసు. ఆ ప్రశ్న అడగగానే నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది, ఎక్కడ లేస్తానోనని. వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా. నేను లేచేదాన్ని కాదురా, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ ఆ మాట అమ్మకి చెప్పలేదు. చెబితే చెయ్యి వదిలేస్తుంది.

అక్క